పర్చూరు టు మ్యూనిక్: మిరపకాయల లెక్కలో ఇంటద్దె

గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెడితే ముందు తుమ్ము వస్తుంది, తర్వాతే యార్డు కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి నాన్న వెంట వెళ్తున్నా, ఆ తుమ్ము ఇప్పటికీ తప్పదు. 2025 జులైలో ఒక ఉదయం హైదరాబాద్ బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్లాను. వేసవి సెలవులు అయిపోయి యార్డు మళ్లీ తెరిచారు. కల్లాల నుంచి కొత్త కాయలొచ్చే కాలం కాదు కాబట్టి, వచ్చేదంతా ఏసీ సరుకే. మా వైపు ఏసీ అంటే చల్లగాలి మిషను కాదు, కోల్డ్ స్టోరేజీ.

నాన్న కమీషన్ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కవర్లో శాంపిల్ కాయలు. నన్ను చూడగానే టీ కూడా చెప్పకుండా అసలు విషయానికొచ్చాడు.

"ఎంత తగ్గిందన్నావ్? రెండు లక్షల ముప్పై నాలుగు వేలేగా. ఉన్న యాభై టిక్కీలూ తోలేస్తే సరిపోద్ది."

నేను ఆ పని ఆపడానికే వచ్చాను. సెప్టెంబరులో మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరాలి. వీసా, విమానం టికెట్ కంపెనీవే. అక్కడ దిగాక ఇల్లు మాత్రం మనమే చూసుకోవాలి. ఆ ఇంటికి కట్టాల్సిన డిపాజిట్ కోసం నాన్న మిరపకాయలు అమ్మేస్తానంటున్నాడు. అదీ క్వింటా 11 వేల రేటుకి.

రెండు లెక్కలు, ఒకే నోట్‌బుక్

విదేశానికి వెళ్లే ప్రతి ఒక్కరూ ఎక్సెల్ షీటు వేస్తారు. నేనూ వేశాను. అప్పట్లో యూరో దాదాపు వంద రూపాయలు, కాబట్టి లెక్క సులువే.

మొదటి నెల తాత్కాలికంగా సామాన్లున్న గది: 1,200 యూరోలు. తర్వాత సొంతంగా తీసుకునే చిన్న ఇంటికి డిపాజిట్: 2,940. ఆ ఇంటి మొదటి నెల అద్దె: 1,150. మంచం, బల్ల, గిన్నెలు: 600. మొదటి జీతం పడేదాకా తిండి, ఫోను, ప్రయాణాలు: 450. మొత్తం 6,340 యూరోలు. అంటే 6 లక్షల 34 వేలు. చదువు లోను తీర్చేసి, చెల్లి పెళ్లి ఖర్చులో నా వంతు ఇచ్చాక నా దగ్గర మిగిలింది 4 లక్షలు.

నాన్నకు ఎక్సెల్ రాదు. ఎరువుల కొట్టువాళ్లిచ్చిన డైరీలో రాస్తాడు. ఆయన లెక్క ఇదీ. కౌలుకు తీసుకున్నది మూడెకరాలు. ఎకరానికి 35 వేల చొప్పున కౌలు ముందే చెల్లించాడు. నారు, దుక్కి, ఎరువులు, పురుగుమందులు, కోత కూలి అన్నీ కలిపి, కౌలుతో సహా ఎకరానికి దాదాపు 2 లక్షల 40 వేలు అయింది. ఎకరానికి 20 క్వింటాళ్ల చొప్పున 60 క్వింటాళ్లు పండింది. క్వింటా 11 వేలంటే 6 లక్షల 60 వేలు. పెట్టుబడి 7 లక్షల 20 వేలు. ఇందులో అమ్మా నాన్నా ఎండలో పడిన కష్టానికి కూలి వేసుకోలేదు.

ఆ ఏడాది మిర్చి ధర ఎలా పడిపోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు రెండేళ్లు క్వింటా 20 వేలు దాటిన కాయ, 2025 మొదట్లో అందులో సగానికి దిగింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించింది. నాన్న అప్పటికే బాకీల కోసం 90 టిక్కీలు అమ్మేశాడు. మిగిలిన 50 టిక్కీలు ధర లేస్తుందన్న ఆశతో ఏసీలో పెట్టాడు. టిక్కీకి 43 కిలోల లెక్కన 21 క్వింటాళ్ల చిల్లర. అమ్మితే 2 లక్షల 36 వేలు. నా లోటుకు సరిగ్గా సరిపోయేంత.

అంత సరిగ్గా సరిపోవడమే నాకు భయమేసింది.

"ఇవాళ వద్దులే నాన్నా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం" అన్నాను. శాంపిల్ కవరు మడిచి సంచిలో పెట్టాడు. ఇద్దరం పర్చూరు బస్సెక్కాం.

బస్సులో వచ్చిన మెసేజ్

గుంటూరు నుంచి ప్రత్తిపాడు, పెదనందిపాడు మీదుగా పర్చూరు వెళ్లే దారి ఎప్పుడైనా చూడండి. జులైలో అయితే మరీ మంచిది. రెండు వైపులా నల్లరేగడి. వాన పడితే చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సిన నేల. అప్పుడే మొలిచిన పత్తి రెండాకుల మీద ఉంటుంది. అక్కడక్కడా మిరప నారుమళ్లు. మిగతా పొలాలు దున్ని, ఎదురుచూస్తూ ఉంటాయి. ఒక్క గుట్ట కూడా అడ్డురాదు, ఆకాశం నేల దాకా దిగుతుంది.

ఈ నేల అందం చూసి మోసపోకండి. ఇది లెక్కలు చేసే నేల. పెదనందిపాడు ఫిర్కా రైతులు 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో బ్రిటిష్ ప్రభుత్వానికి భూమి శిస్తు కట్టమని మొండికేశారు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. మా తాత అదే ఏడాది రెండెకరాలు అమ్ముకున్నాడు. కౌలు అనే మాట మా ఇంట్లోకి వచ్చింది అప్పుడే.

మా ఊరి అడ్రస్ కూడా తమాషాగా ఉంటుంది. 1970 దాకా గుంటూరు జిల్లా. తర్వాత ప్రకాశం. 2022 నుంచి బాపట్ల. ఇల్లు ఒక్క అడుగు కూడా జరగలేదు, జిల్లాలు మాత్రం మూడు మారాయి.

ప్రత్తిపాడు దాటాక ఫోన్ మోగింది. మ్యూనిక్‌లో గదికోసం నేను అడిగిన ఇద్దరిలో ఒకరి నుంచి మెసేజ్. నెలకు 850 యూరోలకే గది ఇస్తానంటున్నాడు. ఎక్సెల్‌లో నేను రాసుకున్న 1,200 కన్నా 350 తక్కువ. అంటే 35 వేలు మిగులు. ఒక్కటే షరతు. అడ్రస్ నమోదుకు సంతకం పెట్టడు.

జర్మనీ సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ కాస్త చెప్పాలి. అక్కడ ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా ఊరి కార్యాలయానికి వెళ్లి 'నేను ఫలానా ఇంట్లో ఉంటున్నాను' అని నమోదు చేసుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని రాసిచ్చే ధ్రువీకరణ కావాలి. ఆ నమోదు జరిగితేనే పన్ను సంఖ్య పోస్టులో వస్తుంది. అది లేకపోతే జీతంలో పన్ను ఎక్కువ కోసే ప్రమాదం ఉంది, తర్వాత తిరిగొచ్చినా సరే ఆ నెల గడవాలి కదా. బ్యాంకు ఖాతా, రెసిడెన్స్ పర్మిట్ లాంటి వాటికీ ఈ కాగితం అడుగుతారు. కానీ తనకు అద్దెకిచ్చే అనుమతి లేనివాళ్లో, ఆదాయం చూపించడం ఇష్టంలేనివాళ్లో సంతకానికి ఒప్పుకోరు. గది ఇస్తారు, అడ్రస్ ఇవ్వరు.

"ఒక్క నెలే కదా, చవగ్గా వస్తోంది, తీసేసుకోనా?" అని నాన్నను అడిగాను. సంతకం సంగతి ఏదో చిన్న విషయంలా చివర్లో చెప్పాను.

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు మాట్లాడలేదు.

"మిచౌంగ్ తుపాను గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా మూడెకరాల్లో మోకాలి లోతు నీళ్లు. కాయ మీదున్న తోట రెండ్రోజుల్లో వాడిపోయింది. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు జాబితాలో నాన్న పేరు లేదు. ఎందుకంటే నాన్నకు సాగు హక్కు పత్రం లేదు. 2019లో రాష్ట్రం తెచ్చిన చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలలకు ఆ పత్రం ఇస్తారు, కానీ భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే పొలం మీద హక్కు పోతుందేమోనని చాలామందికి భయం. మా ఆసామి కూడా పెట్టలేదు. తెలిసినవాళ్లం, ఎందుకు అడిగి ఇబ్బంది పెట్టడం అని నాన్న కూడా గట్టిగా అడగలేదు.

"దున్నింది నేను, మునిగింది నేను. కాగితంలో మాత్రం నేన్లేను" అన్నాడు నాన్న. "సంతకం పెట్టనోడి దగ్గర ఊరికే ఇచ్చినా ఉండబాక. ముప్పై ఐదు వేలు పోతే పోయినయ్."

నేను బస్సు పెదనందిపాడు చేరేలోపే 1,200 గదికి సరేనని మెసేజ్ పెట్టేశాను. నాలుగేళ్ల ఇంజినీరింగ్, ఐదేళ్ల ఉద్యోగం చేసిన నాకు ఆ ఒక్క గడి విలువ ఎక్సెల్‌లో కనిపించలేదు.

పొయ్యి కూడా మనమే తెచ్చుకోవాలి

ఇంటికెళ్లాక అమ్మ అన్నం పెడుతూ అడిగింది, "ఆ ఇళ్లల్లో గ్యాసు పొయ్యి ఉంటదా?"

నవ్వకండి. చాలా సరైన ప్రశ్న. జర్మనీలో సామాన్లు లేని ఇల్లు తీసుకుంటే చాలాసార్లు వంటగది ఉత్త గోడలే. పొయ్యి, సింకు, అల్మరాలు పాత అద్దెదారు ఊడదీసుకుని పోవచ్చు, లేదా మనకే అమ్మొచ్చు. ప్రకటనలో వంటగది ఉందని రాసి ఉందో లేదో చూసుకోకపోతే బడ్జెట్‌కి పెద్ద బొక్క పడుతుంది.

ఈ సంగతి చెబితే అమ్మ ఆశ్చర్యపోలేదు. "మన ఆదోని వాళ్లలాగా అన్నమాట" అంది.

ప్రతి జనవరిలో ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి మిరప కోతలకు కుటుంబాలు లారీల్లో, ఆటోల్లో మా ఊళ్లకు వస్తాయి. బియ్యం, పొయ్యి, గిన్నెలు, పసిపిల్లలతో సహా దిగుతారు. పొలం గట్టునో, ఖాళీ షెడ్డులోనో కాపురం. రాగానే ముందు నీళ్లెక్కడున్నాయో చూస్తారు, తర్వాత పొయ్యి రాళ్లు పెడతారు, ఆ తర్వాతే పడుకునే చోటు. రానూపోనూ చార్జీ, కిలోకి కూలి, అడ్వాన్సు ఎంత అన్నీ ఊళ్లోనే మాట్లాడుకుని బయల్దేరతారు. వెనక్కి వెళ్లేటప్పుడు చేతిలో ఎంత మిగలాలో ముందే తెలుసు వాళ్లకి. మా తాత తరం వాళ్లు కొందరు తుంగభద్ర ఆయకట్టుకు వెళ్లి సింధనూరు, గంగావతి వైపు క్యాంపులు వేసుకున్నదీ ఇలాగే. వలస బడ్జెట్ అనేది ఐటీవాళ్లు కనిపెట్టిందేమీ కాదు.

ఆ రాత్రి నేను షీటు మళ్లీ తెరిచాను. ఈసారి ఒక్కో గడి ముందు ఒక ప్రశ్న రాసుకున్నాను: ఇది నిజంగా మొదటి రోజే కట్టాలా?

అక్కడే దొరికింది. జర్మనీ పౌర చట్టం 551వ సెక్షన్. డిపాజిట్ మూడు నెలల ఉత్త అద్దెకు మించకూడదు. ఉత్త అద్దె అంటే వేడి నీళ్లు, హీటింగ్, చెత్త, మెట్లు ఊడ్వడం లాంటి ఖర్చులు కలపకుండా వేసేది. వాళ్లు దాన్ని కాల్ట్‌మీటె, అంటే చల్ల అద్దె అంటారు. అన్నీ కలిపితే వార్మ్‌మీటె, వెచ్చని అద్దె. నేను రాసుకున్న లెక్కలో చల్ల అద్దె 980, వెచ్చనిది 1,150. అందుకే డిపాజిట్ 2,940. అసలు విషయం తర్వాతి వాక్యంలో ఉంది. ఆ డిపాజిట్‌ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. పైగా యజమాని ఆ డబ్బును తన సొంత డబ్బులో కలపకుండా విడిగా, వడ్డీ వచ్చేలా ఉంచాలి.

అంటే మొదట కట్టాల్సింది 980 మాత్రమే. మిగతా 1,960 తర్వాతి రెండు జీతాల్లోంచి. లోటు 2 లక్షల 34 వేల నుంచి 38 వేలకు దిగింది. కొత్త మంచం, బల్ల మానేసి పాతవి కొనుక్కుంటే 600 కాస్తా 250 అయింది. మిగిలిన లోటు 3 వేలు.

పొద్దున్నే నాన్నకు చూపించాను. డైరీ తెచ్చుకుని మళ్లీ తనే వేసి చూసుకున్నాడు.

"అడ్వాన్సుని మూడు వాయిదాల్లో కట్టొచ్చని చట్టంలోనే రాసుందా?"

"రాసుంది."

"మనకి కౌలు మొత్తం దుక్కికి ముందే కట్టాలి. ఎవరన్నా మూడు వాయిదాలిస్తే ఈ పాటికి అప్పు సగం ఉండేది కాదా" అన్నాడు. కోపంగా కాదు. డైరీ మూసి అవతల పెట్టాడు. 50 టిక్కీలు ఏసీలోనే ఉండిపోయాయి. ఆ మూడు వేలు అమ్మ పోపుల డబ్బా అడుగునుంచి తీసిచ్చింది. ఎన్నాళ్లనుంచి దాచిందో అడిగినా చెప్పలేదు.

దిగాక తెలిసినవి

నా లెక్కలో ఒక తప్పుంది. మీరు చేయకండి. అదనంగా ఒక నెల ఖర్చు పెట్టుకోలేదు. ఇల్లు నెలలో దొరుకుతుందనుకున్నాను, రెండు నెలలు పట్టింది. ఒక్కో ఇల్లు చూడ్డానికి ఇరవై మంది వరసలో నిలబడేవాళ్లం, చేతిలో ఫైళ్లతో. ఉద్యోగ ఒప్పందం, జీతం చీటీలు, అప్పుల చరిత్ర చెప్పే షూఫా రిపోర్టు అడుగుతారు. కొత్తగా వెళ్లినవాళ్లకు ఆ చరిత్ర ఉండదు. రెండో నెల గది అద్దె మొదటి జీతంలోంచి పోయింది.

నాలుగు విషయాలు మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఇల్లు చూడకుండా, తాళాలు పోస్టులో పంపిస్తాను ముందు డబ్బు వేయమనేవాడు దొంగే. రెండు, ప్రకటనలో కనిపించే అద్దె చల్లదా వెచ్చనిదా అడగండి. కరెంటు చాలావరకు రెండింటిలోనూ ఉండదు. మూడు, బ్రోకరును ఎవరు పెట్టుకుంటే వాళ్లే ఫీజు కట్టాలని 2015 నుంచి నిబంధన ఉంది. యజమాని పెట్టుకున్న బ్రోకరు మిమ్మల్ని ఫీజు అడిగితే ఆలోచించండి. నాలుగు, పెట్టెలో నెయ్యి పెట్టకండి. యూరప్‌లోకి బయటి దేశాల పాల సరుకులు, మాంసం తీసుకురానివ్వరు. అమ్మ పెట్టిన నెయ్యి డబ్బా శంషాబాద్ వెళ్లే దారిలో పెద్దమ్మ ఇంట్లో దిగిపోయింది. రెండు కిలోల కారం మాత్రం నాతో వచ్చింది.

చదువుకోడానికి వెళ్లేవాళ్ల లెక్క వేరే. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, నెలకు 992 చొప్పున బయటికొస్తుంది. మ్యూనిక్ లాంటి ఊళ్లో సొంత ఇంటి అద్దె ఒక్కటే దాన్ని మింగేస్తుంది. హాస్టలు గదికి అడ్మిషన్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి.

ఇప్పుడు నా చేతికొచ్చేది నెలకు దాదాపు 3,150. అద్దె 1,150, తిండి 300, ప్రాంతీయ రైళ్లకూ, ఊరి బస్సులకూ పనికొచ్చే టికెట్ 63, కరెంటు 45, ఇంటర్నెట్ 35, ఫోన్ 10, బాధ్యత బీమా 5. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికింత అని కట్టే ప్రసార రుసుం 18 యూరోల 36 సెంట్లు. అన్నీ పోగా 1,500 పైనే మిగులుతుంది. డిపాజిట్ వాయిదాలు కట్టిన రెండు నెలలు మాత్రం ఇంటికి ఏమీ పంపలేదు. వాయిదాల సంగతి ఎత్తగానే ఇంటాయన మొదట కళ్లద్దాలు సర్దుకున్నాడు. చట్టం పేరు చెప్పాక మెయిల్‌లో సరేనని రాశాడు. ఒప్పందం మీద 11 నెలలని లేదు, అసలు గడువే లేదు. నేను వెళ్లిపోవాలంటే మూడు నెలల ముందు చెప్పాలి. ఆయన నన్ను పంపాలంటే చట్టం ఒప్పుకునే కారణం చూపించాలి.

తాళాలిచ్చిన రోజే నమోదు కాగితం మీద సంతకం పెట్టాడు. దాన్ని ఫొటో తీసి ఇంటికి పంపాను. నాన్న ఫోన్ చేశాడు.

"పెట్టాడా! మంచోడే. ఇంకేంటి?"

"తలుపు గంట పక్కన, పోస్టు డబ్బా మీద మన ఇంటిపేరు వేశారు నాన్నా. పేరు లేకపోతే ఇక్కడ ఉత్తరం రాదు."

కాసేపు అటునుంచి మాట లేదు.

"ఇల్లు వాళ్లది, ఇంటిపేరు మనదా?"

"అవును."

"అదీ ఫొటో తీసి పంపు."

పంపాను. అప్పుడే జీతం పడింది, అదీ కొంత పంపాను. ఏసీకి కాయల అద్దె కట్టానని, ఈసారి రెండెకరాలే కౌలుకు తీసుకున్నానని, కొత్త ఆసామిని ముందే సంతకం అడిగానని చెప్పాడు. పెట్టాడా అంటే, "చూద్దాంలే అన్నాడు. మళ్లీ అడుగుతా" అన్నాడు.

ఆ రాత్రి చూస్తే నాన్న వాట్సాప్ డీపీ మారింది. ఇన్నాళ్లూ కోటప్పకొండ ఉండేది. ఇప్పుడు మ్యూనిక్‌లో ఒక పోస్టు డబ్బా ఉంది.